ప్రోగ్రెసివ్ రాక్‌లో ఏది మేలు: బాణీ ముందుండే పాటా, లెక్క ముందుండే పాటా?

బరంపురంలో ప్రోగ్రెసివ్ రాక్ (ముద్దుగా ప్రోగ్; శాస్త్రీయ, జాజ్ పోకడలు కలిపి పాటను పొడిగించే రాక్) వినేవాళ్లం కొద్దిమందిమే. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఫోన్లో హిందీ పాటలు నడిచే ఊళ్లో పింక్ ఫ్లాయిడ్, కింగ్ క్రిమ్సన్ పేర్లు తెలిసినవాళ్లు దొరకడమే అరుదు. దొరికినవాళ్లు కూడా రెండు జట్లుగా ఉంటారు. బాణీ ఉంటేనే పాట అనేది ఒక జట్టు. తాళం లెక్కలు (ఒక్కో ఆవర్తనానికి ఎన్ని దెబ్బలో), మలుపులు, ఊహించని చోట ఆగడాలు, ఇవే ప్రోగ్ అనేది రెండో జట్టు. కాలేజీ ఫెస్ట్‌ల కోసం సాధన చేసే ఒక బ్యాండ్ కుర్రాళ్లు ఈమధ్య నన్ను ఇదే అడిగారు: స్టేజీ మీద ఒక్క పాటకే టైముంటే ఏ రకం ఎంచుకోవాలి? వాళ్ల డ్రమ్మర్ తన మాట ముందే చెప్పేశాడు: "అన్నయ్యా, మంచి బాణీ సినిమా పాటలో కూడా ఉంటుంది కదా. దానికోసం ఇంతదూరం రావడం ఎందుకు? ఇక్కడ అసలు సరుకు లెక్కే."

అతని మాటలో బలం ఉంది, తేలిగ్గా కొట్టిపారేయకూడదు. అయినా నేను బాణీ వైపే. ఎందుకో వివరంగా చెప్తాను.

1969 అక్టోబరులో కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బం ‘ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్’ వచ్చింది. ఈ సంగీతానికి అదే గట్టి మొదలు అని చాలామంది అంటారు. రాక్ వాయిద్యాలకు మెలోట్రాన్ తోడైంది. అది ఒక్కో మీట వెనుక ఒక్కో టేపు ఉండే కీబోర్డు. నొక్కితే వయొలిన్ల గుంపు మోగినట్టు ఉంటుంది. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం పోకడలు, జాజ్ పోకడలు వచ్చి చేరాయి. మూడు నిమిషాల పాట పదీ ఇరవై నిమిషాలైంది. అప్పటి ఎల్పీ రికార్డు ఒక్కో పక్కన ఇరవై నిమిషాల పైచిలుకు పట్టేది కాబట్టి, ఒక పక్కంతా ఒకే పాటతో నింపడం ఈ బ్యాండ్లలో కొన్నింటికి ఇష్టమైన పని అయింది. యెస్ వాళ్ల ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ (1972) దాదాపు 19 నిమిషాలు. జెనెసిస్ ‘సప్పర్స్ రెడీ’ (1972) 23 నిమిషాలు. జెత్రో టల్ అయితే ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’ (1972)లో రెండు పక్కలూ కలిపి ఒకే పాట చేసేసింది.

మూడు నిమిషాల పాటలో వినేవాడు దారి తప్పడు. పల్లవి ఎలాగూ కాసేపటికి మళ్లీ వస్తుంది. ఇరవై నిమిషాల పాటలో ఆ ధీమా లేదు. మధ్యలో తాళం మారుతుంది, శ్రుతి మారుతుంది, గొంతు ఆగిపోయి వాయిద్యాలే ఐదేసి నిమిషాలు నడుస్తాయి. అప్పుడు మనం పాటలో ఎక్కడున్నామో చెప్పేది ఏమిటి? రెండు రకాల్ని పోల్చేటప్పుడు నేను ముందు చూసేది ఇదే.

బాణీ ముందుండే రకానికి పింక్ ఫ్లాయిడ్ ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ (1975) తీసుకోండి. తొమ్మిది భాగాలు, మొత్తం 26 నిమిషాలు, ఆల్బం మొదట్లో కొంత, చివర్లో కొంత. దీనంతటికీ విత్తనం నాలుగు స్వరాలు. రిహార్సల్లో డేవిడ్ గిల్మోర్ గిటార్‌కు తగిలిన ఆ నాలుగు స్వరాలు బ్యాండ్ సహచరుడు రోజర్ వాటర్స్‌ను పట్టేశాయి, పాట వాటి చుట్టూ పెరిగింది. జి స్వరాన్ని షడ్జమం (స) చేసుకుంటే అవి గ, ని, స, ద. నాలుగూ ఖరహరప్రియ రాగంలో ఉండే స్వరాలే. కిటుకంతా చివరి ధైవతం (ద) దగ్గర ఉంది. అక్కడ ఒక మెట్టు కిందిదైన శుద్ధ ధైవతం వేసి ఉంటే మామూలు విషాద గీతం అయిపోయేది. చతుశ్రుతి ధైవతం పడటంతో ఏదో అడిగి ఆగిపోయినట్టు ఉంటుంది, జవాబు రాదు. ఇంట్లో హార్మోనియం ఉన్నవాళ్లు రెండు రకాలుగానూ వాయించి చూసుకోండి, తేడా వెంటనే తెలుస్తుంది. ఇంకో సంగతి: ఆ నాలుగు స్వరాలు పాట మొదట్లో రావు. దాదాపు నాలుగు నిమిషాలు కీబోర్డు, గిటార్ తీరిగ్గా తిరిగాక వస్తాయి. ఆలాపన విని పల్లవి కోసం ఎదురుచూసే అలవాటున్న మన చెవికి ఈ ఓపిక కొత్తేమీ కాదు. ఇంగ్లిష్ పాటలంటే దూరం జరిగే మా ఇంటి పెద్దవాళ్లు కూడా ఈ పాటను మధ్యలో ఆపమనలేదు.

నాకు ఇంకా ఇష్టమైనది జెనెసిస్ ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ (1973). టోనీ బ్యాంక్స్ పియానోతో మొదలవుతుంది. ఆ పియానో భాగంలోనే 13, 15 లాంటి బేసి లెక్కలు వరసగా వచ్చిపోతాయి. కానీ స్వరాలు ఎంత సాఫీగా పారతాయంటే, లెక్క మారిందని చాలామందికి తెలియనే తెలియదు. పాట మధ్యలో పీటర్ గేబ్రియల్ ఫ్లూట్ మీద ఒక చిన్న బాణీ వాయిస్తాడు, పక్కన పియానో తప్ప పెద్దగా ఏమీ ఉండదు. తర్వాత మొదటి పియానో భాగాన్నే బ్యాండంతా కలిసి ఉధృతంగా వాయిస్తుంది. అది అయ్యాక స్టీవ్ హాకెట్ ఎలక్ట్రిక్ గిటార్ మీద ఆ ఫ్లూట్ బాణీనే అందుకుంటాడు. స్వరాలు అవే. కానీ ఒక్కో స్వరాన్ని పట్టి సాగదీస్తాడు, వెనకాల మెలోట్రాన్ లేస్తుంది, ఫ్లూట్‌లో బిక్కుబిక్కుమన్న బాణీ గిటార్‌లో ఊరంత పెద్దదవుతుంది. ముందు ఫ్లూట్ వినకపోతే ఆ గిటార్ సోలో ఒక మంచి సోలో మాత్రమే. విన్నవాడికి అది తెలిసిన మనిషి ఎదిగి తిరిగొచ్చినట్టు. లెక్క ఒక్కదానితో ఈ పని జరగదని నా నమ్మకం.

ఈ వరసలోనే కామెల్ ‘ద స్నో గూస్’ (1975) కూడా వినాలి. మాటల్లేకుండా ఆల్బం మొత్తం బాణీల మీదే కథ నడిపారు.

ఇప్పుడు డ్రమ్మర్ వైపు వాదన. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ ‘టార్కస్’ (1971) ఐదు లెక్కతో విరుచుకుపడుతూ మొదలవుతుంది. జెంటిల్ జెయంట్ ‘ఆన్ రిఫ్లెక్షన్’ (1975)లో ఒక గొంతు తర్వాత ఒక గొంతు చేరి, నాలుగూ వేటి దారిన అవి పోతూనే ఒకదానికొకటి అల్లుకుంటాయి. టూల్ ‘లాటరలస్’ (2001)లో గొంతు పలికే అక్షరాల సంఖ్యలు 1, 1, 2, 3, 5, 8 అని ఫిబొనాచ్చి వరసలో పెరుగుతాయి, తగ్గుతాయి. వెనక వాయిద్యాలు 9, 8, 7 లెక్కల్లో తిరుగుతాయి. వీటిని విడదీసి లెక్కపెట్టుకుంటూ వినడంలో నిజమైన ఆనందం ఉంది. మెదడుకు పని దొరుకుతుంది. వినేకొద్దీ కొత్తది దొరుకుతుంది, బాణీ పాటల్లాగా త్వరగా మొహం మొత్తదు.

అయితే ఇక్కడ మనవాళ్ల విషయంలో ఒక తేడా ఉంది. ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో నాలుగు లెక్కలో పెరిగిన చెవికి ఐదు, ఏడు పెద్ద వింత. మనకు ఐదు అంటే ఖండచాపు, ఏడు అంటే మిశ్రచాపు. సంగీతం క్లాసుకు రెండేళ్లు వెళ్లిన పిల్లలు కూడా చేత్తో వేసి చూపిస్తారు. పింక్ ఫ్లాయిడ్ ‘మనీ’ (1973) ఏడు లెక్కలో ఉందని గొప్పగా చెప్తారు. మన మృదంగం కచేరీ విన్నవాళ్లకు అందులో కంగారు పడాల్సింది ఏమీ లేదు. పైగా ఆ పాటలోనూ గిటార్ సోలో వచ్చేసరికి లెక్క నాలుగుకు మారిపోతుంది, గిటార్ పాడుకోవడానికి చోటు దొరుకుతుంది. లెక్క ఒక్కటే గొప్ప అనుకుంటే, తాళంలో ప్రోగ్ బ్యాండ్లు వెళ్లినదానికంటే లోతుకు వెళ్లిన సంప్రదాయం మన ఇంట్లోనే ఉంది. కాబట్టి వాళ్ల దగ్గర మనం వెతకాల్సింది వేరే ఏదో ఉండాలి.

మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. పులివేషాల వెంట డోళ్లు మోగుతుంటే నిలబడి చూసేవాళ్ల కాళ్లు ఆగవు. లయకున్న బలం అక్కడ చూడాలి, నేను దాన్ని తక్కువ చేయను. మా గంజాం జిల్లా ఊరేగింపుల్లో డోళ్ల మీదుగా మహురి (సన్నాయి లాంటి వాయిద్యం) కూడా మోగుతుందన్నది కూడా అంతే నిజం. వీధి మలుపు అవతల ఉన్నవాడికి ఊరేగింపు వస్తోందని డోలు చెప్తుంది. ఇంటికి వెళ్లాక నోట్లో ఆడేది మాత్రం మహురి వరసే.

ఈ తగాదాను తీర్చే పాట ఒకటి ఉంది. కింగ్ క్రిమ్సన్ ‘రెడ్’ (1974) ఆల్బంలో చివరిదైన ‘స్టార్‌లెస్’. 12 నిమిషాలు. వెనక మెలోట్రాన్ మోగుతుండగా గిటార్ ఒక దిగులు బాణీ వాయిస్తుంది, జాన్ వెటన్ పాడతాడు. నాలుగు నిమిషాలకు పాట అయిపోయిందనిపిస్తుంది. అప్పుడు బేస్ గిటార్ పదమూడు లెక్కలో ఒక బరువైన వరస మొదలుపెడుతుంది. దాని మీద గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ ఒకే స్వరాన్ని పట్టుకుని కొడుతూ ఉంటాడు. కొంతసేపటికి పై స్వరం. మళ్లీ కొంతసేపటికి ఇంకా పై స్వరం. బాణీ అనదగ్గది ఏమీ లేదు, లెక్కా టెన్షనూ తప్ప. అలా నిమిషాల తరబడి బిగిసి, ఒక్కసారిగా వేగం అందుకుని, అంతా ముక్కలైపోతుందేమో అన్న చోట మొదటి దిగులు బాణీ సాక్సోఫోన్ మీద తిరిగొస్తుంది. నాకైతే ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

దీని వెనుక సంగతి మా డ్రమ్మర్‌కు చెప్పాను. బాణీ వెటన్‌ది. ఆ పదమూడు లెక్క బేస్ వరస ఇచ్చింది డ్రమ్మర్ బిల్ బ్రూఫోర్డ్. రెండు జట్ల మనుషులూ ఒకే పాటలో పనిచేశారన్నమాట. కానీ వాటి మధ్య సంబంధం గమనించండి. మన కచేరీలో తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం) ఎంతసేపు సాగినా, మృదంగం ఎన్ని లెక్కలు వేసినా, ముగింపు లెక్కలైన మోరా, కోర్వై అయ్యాక గాయకుడు పల్లవి ఎత్తుకునే చోటే చప్పట్లు పడతాయి. తని గొప్పదే. తిరిగి చేరడానికి పల్లవి ఉంది కాబట్టే ఆ గొప్పతనం తెలుస్తుంది. ‘స్టార్‌లెస్’ నుంచి ఆ పదమూడు లెక్క తీసేస్తే ఒక మంచి విషాద గీతం మిగులుతుంది. బాణీ తీసేస్తే మిగిలేది సాధన పాఠం.

బాణీ వైపు ఉన్నాను కదా అని దాని జబ్బులు దాచను. ప్రోగ్‌లో చెడ్డ పాట ఎక్కువగా బాణీ పేరుతోనే వచ్చింది. తియ్యగా ఉందని ఒకే వరసను నాలుగుసార్లు మార్పు లేకుండా వాయించడం, పది నిమిషాలు సాగదీసిన గిటార్ సోలోలు, ప్రతి పాటకూ ఒకేలాంటి ఉప్పొంగే ముగింపు, ఇవన్నీ విసుగు పుట్టిస్తాయి. అలాంటి చోట డ్రమ్మర్ మాటే నిజం: దానికి సినిమా పాట చాలు, అది నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. నేను వెనకేసుకొచ్చేది వాయిద్యం మారి, లెక్క మారి, కొంతసేపు కనిపించకుండా పోయి తిరిగొచ్చే బాణీని. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ చూడండి. పక్షుల చప్పుడు, నీటి చప్పుడు అయ్యాక వాయిద్యాలన్నీ ఒకేసారి మీద పడతాయి, మొదటి నిమిషాల్లో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఆ గందరగోళం తెరిపినిచ్చి గిటార్ మీద అసలు బాణీ వచ్చినప్పుడు దాని విలువ రెట్టింపవుతుంది.

స్టేజీ సంగతి వేరు, అక్కడ లెక్క వైపు ఒక గట్టి పాయింటు ఉంది. మన కాలేజీ ఫెస్ట్‌లలో సౌండ్ సిస్టమ్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. డ్రమ్స్, బేస్ దడదడలాడతాయి, గొంతూ ఫ్లూటూ ఎక్కడో మునిగిపోతాయి. సున్నితమైన బాణీ ముందు వరస దాటదు, గట్టి లయ ఆఖరి కుర్చీ దాకా వెళ్తుంది. ఇంకోపక్క, ఏడు లెక్కలో ఒక్క దెబ్బ అటూ ఇటూ అయితే బ్యాండంతా కూలుతుంది. బాణీలో చిన్న తప్పు దొర్లినా పాట నిలబడుతుంది. కొత్తగా మొదలుపెట్టిన బ్యాండ్‌కు ఇది చిన్న విషయం కాదు.

మన దగ్గరే ఈ పని చేసి చూపించిన బ్యాండ్ బెంగళూరు ‘ఆగమ్’. త్యాగరాజ కృతి ‘మనవ్యాలకించరాదటే’ని వాళ్లు రాక్ వాయిద్యాలతో చేశారు. డ్రమ్స్, డిస్టార్షన్ గిటార్లు ఎంత చెలరేగినా లోపల నళినకాంతి రాగం చెక్కుచెదరదు. తెలుగు మాట, తెలిసిన రాగం, చుట్టూ ప్రోగ్ హంగు. ఈ సంగీతం కొత్తగా వినే తెలుగువాళ్లకు నేను మొదట ఇచ్చేది ఇదే. ఆ తర్వాత ‘షైన్ ఆన్’, ఆ తర్వాత ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’, కాస్త అలవాటయ్యాక ‘స్టార్‌లెస్’. జెంటిల్ జెయంట్, టూల్ చివరికి.

కుర్రాళ్లకు చెప్పింది కూడా రాస్తాను. ‘ఫర్త్ ఆఫ్ ఫిఫ్త్’ మధ్య భాగం తీసుకోండి అన్నాను, ఫ్లూట్ దగ్గర్నుంచి గిటార్ సోలో చివరి దాకా. ఒడిస్సీ నృత్యానికి వేణువు వాయించేవాళ్లు మన ఊళ్లో దొరుకుతారు, గేబ్రియల్ బాణీ వాళ్ల చేతికి ఇట్టే వస్తుంది. ఆ వేణువుకు మంచి మైకు ఒకటి విడిగా అడిగి పెట్టించుకోండి, మిగతావి ఎలా ఉన్నా ఫరవాలేదు. సొంత పాట చేసే రోజు వస్తే కవిసూర్య బలదేవ్ రథ్ చంపూ పాటల్లో ఒకదాన్ని పట్టండి. గంజాం ప్రాంతపు కవి, ‘క’ నుంచి ‘క్ష’ దాకా అక్షరానికొక పాట రాశాడు, రాగాలు కట్టి ఉన్నాయి, ఇక్కడి ఒడియావాళ్లకు నోటికి వచ్చు. దాన్ని ఏడులో కాదు, పదమూడులో నడిపినా జనం వదలరు. డ్రమ్మర్‌కు ఒక్క షరతు పెట్టాను: మొదటి వారం డ్రమ్స్ ముట్టకుండా ఆ బాణీని నోటితో పాడాలి, చేత్తో తాళం వేస్తూ. అతను సరేనన్నాడు, బదులుగా ఒక బేరం పెట్టాడు: గిటార్ సోలో అయ్యాక రెండు నిమిషాలు తనకు ఒంటరిగా కావాలి, ఆ తర్వాత వేణువు మళ్లీ అదే బాణీ ఎత్తుకోవాలి. అసలు పాటలో అలా లేదు. అయినా వెంటనే ఒప్పుకున్నాను.