సీబీటీనా, యాక్టా? ఆటకీ చదువుకీ మధ్య నలిగే పిల్లలకి ఏ థెరపీ నయం

తిరుపతిలో తెల్లారకముందే ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో పరిగెత్తి, పగలంతా క్లాసులో కూర్చున్న పిల్ల రాత్రి రికార్డు రాయకుండా ఫోన్ పట్టుకుంటే దాన్ని బద్ధకం అనకండి. చాలాసార్లు అది అలసట, తప్పు చేస్తానేమోనన్న భయం.

1960ల్లో సైకియాట్రిస్ట్ ఆరన్ బెక్ రూపొందించిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, ఆలోచననీ అలవాటునీ మార్చే మాటల చికిత్స) ఆ భయం వెనకున్న ఆలోచననే పట్టుకుంటుంది. 'బాగా రాయలేకపోతే రాయడమే దండగ' అన్న మాట నిజమేనా అని ఆ పిల్లతోనే పరీక్షింపజేసి, పెద్ద పనిని పది నిమిషాల ముక్కలు చేసి మొదలుపెట్టిస్తుంది. వాయిదా వేసే అలవాటుకి నా ఓటు దీనికే. కాకపోతే ఇందులో ఇంటిదగ్గర చేయాల్సిన పని ఉంటుంది, మొదట్లో అదీ వాయిదా పడుతుంది, అప్పుడు కోప్పడకూడదు.

1980ల్లో సైకాలజిస్ట్ స్టీవెన్ హేస్ మొదలుపెట్టిన యాక్ట్ (యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ) మాత్రం ఆలోచనతో వాదించదు. భయాన్ని ఉండనిచ్చి, ఈ ఆట నీకెందుకిష్టమో గుర్తు తెచ్చుకుని అటువైపు ఒక్కడుగు వెయ్యమంటుంది. ఆటంటేనే విరక్తి పుట్టిన పిల్లలకి, అంటే బర్నౌట్ అయినవాళ్లకి, ఇదే నప్పుతుందని నా అభిప్రాయం. అయితే కోచ్ ప్రాక్టీస్ తగ్గించి నిద్రపోనివ్వకపోతే ఏ థెరపీ అయినా ఎంతని లాగుతుంది?

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.