ఈ-కోర్ట్స్ యాప్ ఉంటే డైరీ మానేయొచ్చా? చిన్న లాయర్ ఆఫీసు కోసం ఒక రివ్యూ

డిసెంబరులో బార్ అసోసియేషన్ హాల్లోకి వాయిదాలు రాసుకునే కొత్త డైరీలు రాగానే ఎవరో ఒకరు అననే అంటారు: "ఫోన్లో యాప్ ఉందిగా, మళ్లీ డైరీ ఎందుకండీ?" ఒక సీనియరు, ఇద్దరు జూనియర్లు, ఒక గుమస్తా, నూరు నూటయాభై కేసులు ఉన్న ఆఫీసుని మనసులో పెట్టుకుని ఈ రివ్యూ రాస్తున్నాం. కోర్టులో ఏం జరిగిందో యాప్ బాగానే చెబుతుంది. మీరేం చేయాలో మాత్రం చెప్పదు. డైరీ మానేసినవాళ్లు దెబ్బతినేది అక్కడే.

సుప్రీంకోర్టు ఈ-కమిటీ కోసం ఎన్ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) తయారుచేసిన ఈ ఈ-కోర్ట్స్ సర్వీసెస్ యాప్ 2017 నుంచి ఉంది. ఉచితం. దీనికి ఆయువుపట్టు సీఎన్ఆర్ నంబరు, అంటే ప్రతి కేసుకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. మొత్తం 16 అక్షరాలు, అంకెలు. మొదటి రెండు రాష్ట్రానివి, తర్వాతి రెండు జిల్లావి, ఆపై రెండు ఆ కోర్టువి, ఆరంకెల వరుస సంఖ్య, చివర నాలుగంకెల సంవత్సరం. కేసు నంబరైన రోజే ఈ సీఎన్ఆర్‌ని కేసు కట్ట అట్టమీద ఓ.ఎస్. (సివిల్ దావా) నంబరు కింద రాసేయండి. ఓ.ఎస్. 45 అనేది ఒకే కోర్టు కాంప్లెక్సులో మూడు కోర్టుల్లో ఉండొచ్చు, సీఎన్ఆర్ మాత్రం ఏ కేసుది ఆ కేసుకే.

పేరుతో వెతకడం అంత నమ్మదగ్గ పని కాదు. ఫైలింగ్ సెక్షన్లో ఎలా టైపు చేస్తే అలాగే దొరుకుతుంది. ఇంటిపేరు ముందొకసారి, వెనకొకసారి, ఇనీషియల్స్ మధ్య చుక్క ఉండి ఒకసారి, లేక ఒకసారి. అందుకే అడ్వకేట్ పేరుతో వెతికి వచ్చిన జాబితానే మన కేసులన్నీ అనుకోవద్దు. పేరులో మారని నాలుగైదు అక్షరాలే కొట్టి, పెండింగ్, డిస్పోజ్డ్ (ముగిసినవి) రెండూ చూసి, దొరికిన ప్రతిదాన్నీ "మై కేసెస్"లో సేవ్ చేసుకుని, చివర్లో కట్టల అల్మారాతో సరిచూసుకోవాలి. జాబితా నింపడానికి ఒక పూట పడుతుంది. ఆ పని జూనియర్‌కి అప్పజెప్పినా, సరిచూసే పని సీనియరే చేయాలి.

ఎఫ్ఐఆర్ నంబరుతో వెతికే సౌకర్యం క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేసేవాళ్లకి బంగారం. ఛార్జిషీటు నంబరైందో లేదో తెలుసుకోవడానికి కోర్టు ఆఫీసు సెక్షన్ చుట్టూ తిరిగే పని చాలావరకు తగ్గుతుంది. కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే అర్జీ) సెర్చి కూడా పనికొచ్చేదే. హైకోర్టు కేసులకి మాత్రం ఆయా హైకోర్టు సొంత వెబ్‌సైట్లో కాజ్ లిస్టు (ఆ రోజు విచారించే కేసుల జాబితా) చూసుకోవడమే మేలు.

ఇక రోజువారీ వాడకం. ఒక సాయంత్రం తెర ఇలా ఉంటుంది: కేసు నంబరు, పార్టీల పేర్లు, కింద నెక్స్ట్ హియరింగ్ డేట్, దాని పక్కన స్టేజి. కేస్ హిస్టరీలో తేదీ నొక్కితే ఆ రోజు బిజినెస్, అంటే కోర్టులో ఏం జరిగిందో, తెరుచుకుంటుంది. కొన్ని కోర్టుల్లో నాలుగు వరుసలుంటాయి, కొన్నిట్లో "కాల్ ఆన్" అని తేదీ ఒక్కటే. ఆ రెండు ముక్కల వెనక బట్టా (సమన్లు పంపడానికి కట్టే రుసుము) కట్టమన్నారా, కౌంటర్‌కి (పిటిషన్‌కి జవాబుకి) చివరి అవకాశం ఇచ్చారా, ఖర్చులు కట్టాలన్న షరతు మీద వాయిదా ఇచ్చారా అనేది కోర్టు హాల్లో ఉన్నవాడికే తెలుస్తుంది. బట్టా కట్టని కారణంగా సమన్లు వెళ్లకపోతే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9 రూల్ 2 కింద దావా డిస్మిస్ కావచ్చు. యాప్ దాన్ని డిస్మిస్ అయ్యాక చూపిస్తుంది.

రెండో చిక్కు ఆలస్యం. వాయిదాలు యాప్‌లోకి రావాలంటే ముందు కోర్టు సిబ్బంది సీఐఎస్‌లో (కోర్టుల కేసు నమోదు సాఫ్ట్‌వేర్‌లో) ఎక్కించాలి. జడ్జిగారు సెలవులో ఉండి ఇన్‌ఛార్జి కోర్టు వాయిదాలు వేసిన రోజు మరీ జాగ్రత్త. రాత్రి ఎనిమిదింటికి నెక్స్ట్ హియరింగ్ దగ్గర ఇవాళ్టి తేదీయే ఉంటే, వాయిదా ఇంకా ఎక్కలేదని అర్థం. మర్నాడు పదిన్నరకి బెంచ్ క్లర్కుని అడగాల్సిందే. పైగా "మై కేసెస్" మనం రిఫ్రెష్ నొక్కితేనే తాజా అవుతుంది. వారం కిందటి తేదీని ఇవాళ్టిదనుకుని చూసి మోసపోవడం మామూలే. డేటాలో తప్పులకీ ఆలస్యానికీ కోర్టుగానీ ఎన్ఐసీగానీ ఈ-కమిటీగానీ బాధ్యత వహించవని డిస్‌క్లెయిమర్ ఎలాగూ ఉంది. కాబట్టి ఎక్స్‌పార్టీ డిక్రీ (మనం హాజరు కానందున ఏకపక్షంగా ఇచ్చిన డిక్రీ) కొట్టేయమని వేసే పిటిషన్లో "యాప్‌లో తేదీ కనపడలేదు" అన్న ఒక్క కారణాన్నే నమ్ముకుంటే కష్టం.

అన్నిటికంటే పెద్ద లోటు గడువులది. యాప్‌కి తెలిసింది వాయిదా ఒక్కటే, లిమిటేషన్, అంటే చట్టం పెట్టిన గడువు, దానికి తెలియదు. సమన్లు అందిన 30 రోజుల్లో రిటన్ స్టేట్‌మెంట్ (దావాకి ప్రతివాది జవాబు) వేయాలి, కోర్టు 90 దాకా పొడిగించొచ్చు. మామూలు దావాలో ఆ తర్వాత కూడా గట్టి కారణం చూపిస్తే కోర్టు వినొచ్చు. కమర్షియల్ దావాలో 120 దాటితే ఆ హక్కు పోయినట్టే. జిల్లా కోర్టుకి అప్పీలు 30 రోజులు, హైకోర్టుకి 90. ఎక్స్‌పార్టీ డిక్రీ కొట్టేయించుకోవడానికీ, డిఫాల్ట్‌లో (హాజరుకాక) పోయిన దావాని తిరిగి ఫైలు మీదికి తెచ్చుకోవడానికీ 30 రోజులే. చెక్కు బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసు, అవతలివాళ్లకి అందాక డబ్బు కట్టడానికి 15 రోజులు, ఆపైన ఒక నెలలో కంప్లయింటు. ఇక్కడ ఇంకా కేసు నంబరే పుట్టలేదు, యాప్ ఏం చూపిస్తుంది?

అందుకే డైరీ కావాలి. గడువు తేదీ పేజీలో ఎర్ర సిరాతో ఒకసారి, దానికి పది రోజుల ముందు పేజీలో మరోసారి రాయాలి. తీర్పు సర్టిఫైడ్ కాపీకి సీఏ (కాపీ అప్లికేషన్) వేస్తే వేసిన తేదీ, స్టాంపులు పిలిచిన (కాపీకి స్టాంపులు కట్టమని కోర్టు జాబితా పెట్టిన) తేదీ, కట్టిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ నాలుగూ రాసుకోవాలి. కాపీకి పట్టిన కాలం అప్పీలు గడువులోంచి మినహాయింపు వస్తుంది, కానీ సీఏ వేయకుండా కూర్చున్న రోజులు రావు. స్టాంపులు పిలిచిన జాబితా చూడక సీఏ స్ట్రక్ ఆఫ్ అయితే (కొట్టేస్తే) మళ్లీ మొదటికే. మాకు తెలిసి అప్పీళ్లలో డిలే పిటిషన్ల (ఆలస్యాన్ని మన్నించమని వేసేవాటి) మూలం సగంసార్లు ఈ జాబితా దగ్గరే ఉంటుంది.

సాయంత్రం ఆరున్నరకి ఇరవై నిమిషాలు చాలు: జూనియర్ ఆ రోజు డైరీ చదువుతుంటే మరొకరు రిఫ్రెష్ చేసిన యాప్ చూస్తూ ఒక్కో తేదీ కలుపుతారు. కలవనిదానికి చుక్క పెడతారు. మర్నాటి మొదటి పని ఆ చుక్కలే. ఇలా చేసే ఆఫీసులో రాత్రి పదకొండింటికి "రేపు ఫలానా కేసు ఉందా?" అని సీనియర్ గుండె దడ పుట్టడం బాగా తగ్గుతుంది. ఆరోగ్యానికి యోగా మంచిదే, ముందు ఈ ఇరవై నిమిషాలు చేయండి.

క్లయింట్ల వైపు ఈ యాప్ చేసే మేలు ఎక్కువ. వకాలతు తీసుకుని కేసు వేశాక సీఎన్ఆర్‌ని వాట్సాప్‌లో పంపి, "తేదీ ఇందులో చూసుకోండి, ఆ రోజు మీరు రావాలో వద్దో మేము ముందురోజు చెబుతాం" అని ఒక్క వాక్యం చేర్చండి. ఫోన్లు తగ్గుతాయి. "వాయిదా పడిందండీ" అని నోటికొచ్చింది చెప్పి తప్పించుకునే అలవాటుకీ కాలం చెల్లుతుంది. అయితే క్రిమినల్ కేసులో ముద్దాయిని యాప్ మీద వదిలేయకండి. హాజరు కాకపోతే, ఆబ్సెంట్ పిటిషన్ (ఆ రోజుకి హాజరు మినహాయించమనే అర్జీ) కూడా పడకపోతే ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారెంటు) వస్తుంది.

డిస్పోజ్డ్ అని చూపే స్క్రీన్‌షాట్‌ని "మరో విజయం" అంటూ స్టేటస్ పెట్టే సరదా ఈమధ్య కనిపిస్తోంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్ 36 ప్రకటనలని, పని కోసం వెంపర్లాడటాన్ని నిషేధిస్తుంది. కుటుంబ కోర్టు, పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల) కేసులైతే పేర్లు బయటపెట్టడం ఇంకా పెద్ద తప్పు. "మై కేసెస్" నిండా క్లయింట్ల పేర్లే కాబట్టి ఆ ఫోనుకి లాక్ తప్పనిసరి.

డబ్బు లెక్క యాప్‌లో లేదు, ఉంటుందనీ అనుకోవద్దు. అదే బార్ కౌన్సిల్ రూల్ 25, 26 ప్రకారం క్లయింటిచ్చిన ప్రతి రూపాయీ ఫీజు కిందా ఖర్చు కిందా అన్నది తేదీతో రాయాలి. క్లయింటు రాసివ్వకుండా ఖర్చుల సొమ్ముని ఫీజుకి మళ్లించకూడదు. కోర్టు ఫీజు, బట్టా, సీఏ స్టాంపులు, కమిషనర్ ఫీజు అన్నిటికీ కేసుకో పేజీ చొప్పున పాత లెడ్జరే సరిపోతుంది.

మరి డబ్బులు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలా? ఈ సైజు ఆఫీసుకి అక్కర్లేదు. మూడు జిల్లాల్లో కేసులుండి, నలుగురైదుగురు ఒకే జాబితా చూడాల్సిన చోట కొనొచ్చు, ఎందుకంటే "మై కేసెస్" ఏ ఫోన్లో సేవ్ చేస్తే ఆ ఫోన్లోనే ఉంటుంది. జూనియర్ వేరే ఆఫీసుకి వెళ్తే జాబితా కూడా ఆయన జేబులోనే వెళ్తుంది. నెలకోసారి బ్యాకప్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి ఆ ఫైలుని ఆఫీసు కంప్యూటర్లో పెట్టండి. కొత్త ఫోన్లో ఇంపోర్ట్ చేశాక కేసుల సంఖ్య సరిపోయిందో లేదో చూసుకునేదాకా పాత ఫోన్లోంచి యాప్ తీసేయకండి.