గంటన్నరలో ఎంత ఇల్లు శుభ్రమవుతుంది: తొమ్మిదేళ్ల తర్వాత నా సమీక్ష

మా ఇంట్లో రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు బాత్‌రూములు. ఉండేది నలుగురం. శుభ్రం చేయడానికి మనిషిని పెట్టుకుని తొమ్మిదేళ్లు నిండాయి. ఇప్పుడు వస్తున్నావిడ నాలుగో మనిషి. ముందు ముగ్గురూ మొదటి మూడేళ్లలోనే మానేశారు. ఈవిడ ఆరేళ్లుగా వస్తున్నారు. నిజానికి ఆ ముగ్గురిలో ఒకావిడ ఈవిడకన్నా చురుగ్గా పని చేసేవారు. అయినా మా ఇంట్లో నిలవలేదు. ఎందుకు నిలవలేదో అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. కొత్తగా మనిషిని పెట్టుకోబోయేవాళ్లకు అంతకాలం పట్టకూడదని ఇది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను, పెట్టుకోవడం మంచి నిర్ణయమే. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చినా పెట్టుకుంటాను. కానీ ఆ మొదటి మూడేళ్లూ నాకు తృప్తి లేదు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకముందే కళ్లు మూలల మీదకు పోయేవి. తలుపు వెనక వెంట్రుకలు, స్విచ్ బోర్డు మీద వేలిముద్రలు, సోఫా కింద దుమ్ము. కనిపించినవన్నీ గుర్తుపెట్టుకుని మర్నాడు పొద్దున్నే ఏకరువు పెట్టేదాన్ని. ఆవిడ తలూపేవారు. ఆ రోజు నేను చెప్పిన మూడుచోట్లా శుభ్రంగా ఉండేది, కొత్తగా ఇంకో మూడుచోట్ల మిగిలేది. ఇలా నెలల తరబడి సాగింది. గోడకు చెప్పినట్టుందని మా ఆయనతో అనేదాన్ని.

మూడో ఏడు చివర్లో అప్పటి పనావిడ పన్నెండు రోజులు ఊరెళ్లారు. బదులు మనిషి దొరకలేదు, నేనే చేశాను. మూడో రోజు ఫోన్లో టైమర్ పెట్టుకుని ఒక్కో పనికి ఎంతసేపు పడుతోందో కాగితం మీద రాశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఊడవడం 24 నిమిషాలు, అందులో నేల మీద పడున్న బొమ్మలు, పుస్తకాలు, ఛార్జర్ వైర్లు ఏరడానికే 9. నీళ్లు రెండుసార్లు మార్చి నేల తుడవడం 18. బాత్‌రూములు రెండూ కలిపి 35. వంటగది గట్టు, స్టవ్, సింక్ 20. బల్లలు, అలమరల మీద దుమ్ము దులపడం 15. మొత్తం 112 నిమిషాలు. ఆవిడతో మాట్లాడుకున్నది గంటన్నర, అంటే 90. పైగా ఆ తొంభైలోనే వారానికోసారి ఫ్యాన్లు, కిటికీలు కూడా అయిపోవాలని అనుకునేదాన్ని. నడుం పట్టేసి కూర్చున్నాక చూసుకుంటే, తలుపు వెనక నేనూ ఊడవలేదు.

112లోంచి 90 తీసేస్తే 22 నిమిషాల పని. అది రోజూ ఎక్కడో ఒకచోట మిగలక తప్పదు. ఎక్కడ మిగిలినా ఫర్వాలేదో నేను ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి ఆవిడే తేల్చుకునేవారు. నేను దానికి బద్ధకమని పేరు పెట్టాను. నా తొమ్మిదేళ్ల అనుభవంలో అసలు సంగతి ఇదొక్కటే, మిగతావన్నీ దీనికి కొమ్మలు.

ఆవిడ తిరిగి వచ్చాక ఈ లెక్క చెప్పి సమయం పెంచుదామన్నాను. అప్పటికే ఆవిడ వేరే ఇల్లు మాట్లాడుకున్నారు.

ఈ నాలుగో ఆవిడతో మొదటిరోజే ఇల్లంతా తిరిగి చూపించి మాట్లాడుకున్నాం. నేను ఆవిడని అక్కా అంటాను. "అన్నీ నీట్‌గా ఉండాలి అక్కా, అంతే" అన్నాను, పాత అలవాటుకొద్దీ. ఆవిడ వెంటనే, "అందరూ అదే అంటారమ్మా. ఒక్కో ఇంట్లో నీట్ ఒక్కోలా ఉంటుంది. మీకు ఏది కనిపిస్తే చిరాకేస్తుందో అది చెప్పండి, ముందు అది చేస్తాను" అన్నారు. నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆలోచిస్తే మూడే తేలాయి. నేల మీద కాలికి ఏమీ తగలకూడదు, సింక్ జిడ్డుగా ఉండకూడదు, బాత్‌రూములో వాసన రాకూడదు. ఈ మూడూ రోజూ జరగాలి. మిగతావన్నీ వంతులవారీగా, రోజుకొకటి. ఫ్యాన్లు ఒకరోజు, కిటికీ గ్రిల్స్ ఒకరోజు, ఫ్రిజ్ పైన, తలుపుల వెనక ఒకరోజు. సమయం రెండు గంటలకు పెంచాం, దానికి తగ్గట్టే జీతం. ఫ్యాన్లు తుడిచే రోజు ఊడవడం ఆ తర్వాతే, పైనుంచి రాలిన దుమ్ముకు రెండోసారి చీపురు పట్టే పని ఉండదు. ఆ వరసను ఆవిడే చెప్పారు.

సర్దడం, శుభ్రం చేయడం వేరువేరు పనులని నాకు టైమర్ పెట్టిన రోజే అర్థమైంది. ఆ తొమ్మిది నిమిషాలు సర్దడానివి. ఎవరి పుస్తకం ఎక్కడ పెట్టాలో, ఏ కాగితం పారేయవచ్చో బయటి మనిషికి ఎలా తెలుస్తుంది? తెలియక అన్నీ ఒకచోట కుప్ప పోస్తే "నా సామాన్లు కదిపారు" అని మళ్లీ మాటే. ఇప్పుడు రాత్రి పడుకునే ముందు నలుగురం కలిసి నేల ఖాళీ చేస్తాం, బల్ల ఖాళీ చేస్తాం. పిల్లలకు మొదట కష్టమైంది, తర్వాత అలవాటైంది. మనిషిని పెట్టుకుంటే మన పని సున్నా అవుతుందని ఎవరైనా అనుకుంటే ఆ ఆశ మాత్రం వదులుకోవాలి. మా ఇంట్లో అది మూడో వంతుకు తగ్గింది.

హోటల్ గదితో పోల్చడం కూడా నేను మానేశాను. అక్కడ మనిషి ఉండేది రెండు రోజులు, సామాను ఒక పెట్టె. కడగడానికి వీలుగా ఉండేలా చూసి అమర్చిన గది అది. నలుగురు బతికే ఇంట్లో తుడిచిన గంటకే ఎవరో ఒకరు తడికాళ్లతో నడుస్తారు. పొద్దున పది గంటల శుభ్రతను సాయంత్రం ఏడింటికి వచ్చి కొలవడం న్యాయం కాదు. నేను మూడేళ్లు చేసిందదే.

ఇక మరకల సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పనావిడల మీద పడే నిందల్లో సగం ఇక్కడే పుడతాయి. ఎంత తోమినా పోని మరకల్లో కొన్ని మురికి కావు, పాడైన చోట్లు. కుళాయిల చుట్టూ కట్టే తెల్లటి పొర నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం గట్టిపడి ఏర్పడేది. సబ్బుతో ఎంత రుద్దినా కదలదు, పుల్లటి ద్రావణమే కరిగించాలి. వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచితే వదులవుతుంది. అయితే ఆ పొర ఏ పదార్థంతో కట్టిందో పాలరాయి కూడా ముఖ్యంగా అదే, కాల్షియం కార్బొనేట్. పొరను కరిగించే యాసిడ్ రాయినీ కరిగిస్తుంది. ఇది తెలియక మా వాష్ బేసిన్ గట్టు మీది పొర తీయమని రెండో ఆవిడ చేతికి యాసిడ్ సీసా ఇచ్చింది నేనే. పొర పోయింది, పాలరాయి మెరుపూ పోయింది. ఆ మచ్చ ఈరోజుకీ ఉంది. ఆ రోజు నేను ఆవిడని మందలించాను. ఇప్పుడు ఆ గట్టు చూసినప్పుడల్లా ఆవిడే గుర్తొస్తారు, క్షమాపణ చెప్పడానికి ఎక్కడున్నారో తెలియదు.

సింక్ అంచుల్లో పూసే తెల్ల సిలికాన్ నల్లబడిందంటే చాలాసార్లు బూజు లోపలికంటా పాకేసి ఉంటుంది. కోసి తీసేసి కొత్తది పూయించడమే. టైల్స్ మధ్య సందులు నీళ్లనూ జిడ్డునూ పీల్చుకుంటాయి, ఏళ్ల తరబడి పీల్చుకున్నది ఒక్కపూటలో పోదు. బాత్‌రూమ్ అద్దం మీద మబ్బులా ఉన్నచోట వెనకనుంచి పూత పోయి ఉంటే ఎవరు తుడిచినా అంతే. మనిషిని పెట్టుకునే ముందు ఇలాంటివి ఒకసారి చూసుకుని, వీటిని ఆవిడ లెక్కలోంచి తీసేయండి.

మందులు వాడటంలోనూ నా ఆశ ఒకటి, వాస్తవం ఒకటి. క్రిములను చంపే ద్రావణం పోసీ పోయగానే తుడిచేస్తే వాసన తప్ప ఫలితం పెద్దగా ఉండదు. ఎన్ని నిమిషాలు తడిగా వదిలేయాలో సీసా మీదే రాసి ఉంటుంది. అదీ ముందు మురికి కడిగేశాక. నీళ్లలో కలిపిన బ్లీచ్ నిలవుంటే బలం తగ్గిపోతుంది, ఏ రోజుకారోజు కలుపుకోవాలి. అంటే బాత్‌రూమ్ కడగడంలో ఆగి ఉండే సమయం కూడా ఒక భాగం. "పది నిమిషాల్లో కానివ్వండి" అంటే ఆ భాగమే ఎగిరిపోతుంది.

ఒక సంగతి మాత్రం చాలా గట్టిగా చెప్పాలి. అక్క వచ్చిన కొత్తలో టాయిలెట్ మరీ పచ్చగా ఉందని, యాసిడ్ ఉండే క్లీనర్ పోశాక దాని మీదే బ్లీచ్ కూడా వేయమన్నాను. రెండూ కలిస్తే ఇంకా బాగా పోతుందనుకున్నాను. రెండు నిమిషాల్లో ఆవిడ దగ్గుకుంటూ, కళ్లు మండుతున్నాయంటూ బయటికి వచ్చారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. బ్లీచ్‌తో అమ్మోనియా ఉండే అద్దాల క్లీనర్ కలిసినా విషవాయువే. ఆ రోజు కిటికీలు తెరిచి ఆవిడని చాలాసేపు బయటిగాలిలో కూర్చోబెట్టాం, అదృష్టం కొద్దీ తేరుకున్నారు. ఇప్పుడు రెండు సీసాలూ వేర్వేరు చోట్ల ఉంటాయి, ఒకే రోజు రెండూ వాడం. చేతితొడుగులు నేనే కొని పెడతాను. ఏ మందు వాడాలో, ఎలా వాడాలో చెప్పే బాధ్యత ఇంటివాళ్లదే. ఆవిడకి తెలిసే ఉంటుందిలే అనుకోవడానికి వీల్లేదు.

వస్తువులు పగలడం ఉంటుంది. రోజూ ముట్టుకునే చేతుల్లో ఎప్పుడో ఒకటి జారుతుంది. మొదటావిడ ఒకసారి పగిలిన దీపం గాజును బట్టలో చుట్టి సోఫా వెనక దాచారు. మా అబ్బాయి చేతికి గుచ్చుకుంది. దాచారని కోపం వచ్చింది గానీ, అంతకుముందు ఒక గ్లాసు పగిలితే నేను ఎంత అరిచానో ఆవిడ మర్చిపోలేదు మరి. అక్క వచ్చాక మొదటివారంలోనే చెప్పాను, ఏది పగిలినా వెంటనే చెప్పండి, జీతంలో కోయను అని. ఆరేళ్లలో నాలుగు పగిలాయి, నాలుగూ ఆ క్షణమే చెప్పారు. నాకు బాగా ప్రాణమైన వస్తువులు నేనే తుడుచుకుంటాను. నగలూ డబ్బూ తాళంలో ఉంటాయి. ఏదైనా కనిపించకపోతే ఆవిడ మీద అనుమానం పోయే పరిస్థితే రాకూడదని.

నాగాల గురించి మొదట్లో చాలా బాధపడేదాన్ని. తర్వాత లెక్క చూస్తే నేను ఆఫీసులో పెట్టే సెలవులకన్నా తక్కువే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఇంటి పనివారి కోసం 189వ నంబరు ఒప్పందం చేసింది. చేయాల్సిన పని ఏమిటో, ఎన్ని గంటలో, జీతం ఎంతో సులువుగా అర్థమయ్యేలా ముందే తెలియజేయాలని, వీలైతే రాతపూర్వకంగా ఉండాలని అందులో ఉంది. వారానికి వరుసగా కనీసం 24 గంటల విశ్రాంతి ఇవ్వాలని ఉంది. ఆమోదించిన దేశాలకే అది కట్టుబాటు, కానీ చదివాక నాకు ఇది మనుషులు మామూలుగా పాటించాల్సినదే అనిపించింది. ప్రపంచంలో 7 కోట్ల 56 లక్షల మంది ఇంటి పనివారు ఉన్నారని, వారిలో నూటికి 76 మంది ఆడవాళ్లని, 81 మందికి ఏ రక్షణా లేని కొలువేనని అదే సంస్థ 2021లో అంచనా వేసింది. మేం ఒక కాగితం మీద పనులు, గంటలు, వారపు సెలవు, జీతం కోయని సెలవులు ఎన్ని, ఏ నెలలో జీతం పెంచాలి అన్నీ రాసుకున్నాం. ఆవిడ కూతురు చదివి వినిపించింది. దగ్గరదగ్గరగా ఒక పేజీ. నాగా పెట్టే ముందురోజే ఫోన్ చేస్తారు. చేయలేని రోజులూ ఉంటాయి, ఒంట్లో బాగోలేకపోతే ముందే ఎలా తెలుస్తుంది?

మధ్యలో ఒకసారి డీప్ క్లీనింగ్ అని ఒక సంస్థ మనుషుల్ని పిలిపించాం. ఇద్దరు వచ్చి ఆరు గంటలు చేశారు. వంటగది చిమ్నీ, అటకలు, కిటికీ పట్టాలు బాగా వచ్చాయి, మూడు వారాలు ఇల్లు కొత్తదిలా ఉంది. తర్వాత మామూలే. ఏడాదికోసారి అలా చేయించుకోవడం మంచిదే, కానీ రోజువారీ మనిషి చేసే పనిని దానితో పోల్చకూడదు. ఇద్దరు ఆరు గంటలంటే పన్నెండు గంటల పని. అక్కకి అది ఆరు రోజులు.

ఇప్పటికీ నాకు నచ్చనివి ఉన్నాయి. అద్దాల మీద తుడిచిన చారలు మిగులుతాయి. ఎన్నిసార్లు పొడిగుడ్డ ఇచ్చినా అక్క తడిదే వాడతారు. పరుపుల కింద ఊడవడం గుర్తు చేస్తే తప్ప జరగదు. అయిదుకు నాలుగు ఇస్తాను, ఆ తగ్గిన ఒకటీ ఈ రెండింటికే. అద్దాలు ఆదివారం నేనే తుడుచుకుంటున్నాను, పట్టేది ఆరు నిమిషాలు.

వంతుల పట్టిక ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది. అక్క వారం వారం దాని మీద పెన్సిల్‌తో టిక్కు పెడతారు. మొన్న చూస్తే "కిటికీ గ్రిల్స్" ఎదురుగా టిక్కు లేదు, పక్కన చిన్న గీత గీసి ఉంది. అడిగితే, "మోకాలు నొప్పిగా ఉందమ్మా, స్టూల్ ఎక్కలేకపోయాను, వచ్చేవారం చేస్తాను" అన్నారు. ఆ వరసను పట్టికలోంచి కొట్టేసి, ఎత్తు మీద ఎక్కే పనులన్నీ మా ఆయన వంతులోకి మార్చాను.