జనరల్ బాడీకి రానివాళ్ల ఓటు: ప్రాక్సీ మేలా, ఆన్‌లైన్ మేలా?

ఫ్లాటు కొండాపూర్‌లో, ఓనరు డల్లాస్‌లో. ఇలాంటివాళ్లు ఎక్కువున్న అపార్ట్‌మెంట్‌లో జనరల్ బాడీ పెడితే వచ్చేది పట్టుమని పాతిక మంది. మరి రానివాళ్ల ఓటు సంగతేంటి? ఉన్నవి మూడు దారులు: వచ్చినవాళ్లకే ఓటు, ప్రాక్సీ (మన బదులు ఓటేయడానికి ఇంకొకరిని పంపడం), ఆన్‌లైన్.

మొదటిది తేలిక. మల్టీ స్టేట్ సహకార సంఘాల చట్టం (2002) పద్ధతి అదే: సభ్యుడే వచ్చి ఓటేయాలి, ప్రాక్సీ కుదరదు. కానీ నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్న మనిషిని ఊళ్లో లేడని పక్కన పెట్టేయడం నాకు సబబుగా అనిపించదు.

అసలు గొడవంతా ప్రాక్సీ దగ్గరే. మీటింగ్‌కు నాలుగు రోజుల ముందు వాట్సాప్‌లో ఫారం వస్తుంది. "రాలేకపోతే సంతకం చేసి పంపండి సార్, మిగతాది మేం నింపుకుంటాం." ప్రాక్సీ పేరు రాయాల్సిన చోట ఖాళీ. అలాంటివి నలభై సెక్రటరీ ఫైల్లో చేరాయంటే, హాల్లో ఉన్న పాతిక మంది గొంతు చించుకున్నా లాభం లేదు.

కంపెనీల చట్టం (2013) ఈ బెడదకు కొన్ని కళ్లేలు వేసింది. ఒక్కరు 50 మందికి మించి ప్రాక్సీగా ఉండకూడదు. ప్రాక్సీగా వచ్చినవాడికి మాట్లాడే హక్కు లేదు, చేతులెత్తే ఓటింగ్‌లో లెక్కకు రాడు, పోల్ (చేతులెత్తకుండా ఓట్లు లెక్కపెట్టే పద్ధతి) పెడితేనే ఓటు. కోరంలోనూ (మీటింగ్ చెల్లడానికి ఉండాల్సిన కనీస హాజరు) అతన్ని కలపరు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీల్లో అయితే ప్రాక్సీ కూడా సభ్యుడే అయ్యుండాలి. సొసైటీగా రిజిస్టరైన అసోసియేషన్‌కు ఈ చట్టం వర్తించదు. అయినా బైలాస్‌లో (అసోసియేషన్ సొంత నియమాల్లో) ఇలాంటి షరతులు పెట్టుకోవచ్చు కదా! 50 మాత్రం మనకు మరీ ఎక్కువ, మనిషికి రెండు చాలు.

ఆన్‌లైన్‌లో మధ్యవర్తి ఉండడు, అదే దాని బలం. చిక్కల్లా చర్చకు ముందే ఓటు పడిపోవడం. లిస్టెడ్ కంపెనీల్లో రిమోట్ ఈ-ఓటింగ్ మీటింగ్ ముందురోజు సాయంత్రం 5 గంటలకే ముగుస్తుంది. అందుకే అలా ఓటింగ్‌కు పెట్టిన తీర్మానాన్ని మీటింగ్‌లో మార్చనివ్వరు. మన దగ్గర అలా కుదురుతుందా? కొత్త లిఫ్టుకు ఫ్లాటుకు 20 వేలు అని అజెండాలో ఉంటుంది. మీటింగ్‌లో టూ బెడ్రూమ్ వాళ్లు లేచి, ఎస్‌ఎఫ్‌టీ లెక్కన వేయండి అంటారు. తీర్మానం మారిపోతుంది. నిన్న డల్లాస్‌లో నొక్కిన 'అవును' దేనికి పడినట్టు? అదే ప్రాక్సీ అయితే ఒక్క ఫోన్ కొట్టి కనుక్కుంటాడు.

కాబట్టి నా ఓటు ఇలా: కమిటీ ఎన్నికలకు ఆన్‌లైన్. అభ్యర్థుల పేర్లు మీటింగ్‌లో మారవు, మధ్య మనిషి మాట తప్పుతాడన్న అనుమానమూ ఉండదు. ఎన్నారైలకు దేశ ఎన్నికల్లో ప్రాక్సీ ఇచ్చే బిల్లు మీదా ఇదే అభ్యంతరం వచ్చింది. 2018లో లోక్‌సభ దాటినా, 2019లో సభ రద్దవడంతో అది మురిగిపోయింది. ఇక కార్పస్ ఫండ్ (పెద్ద ఖర్చులకని దాచే నిధి), లిఫ్టు, పెయింటింగ్ లాంటి డబ్బు తీర్మానాలకు ప్రాక్సీయే మేలు. పేరు మీ చేత్తోనే రాయండి. ఒక్కో అంశం ఎదురుగా అవునో కాదో, తీర్మానం మారితే ఏం చేయాలో కూడా రాసి, తేదీ వేసి, ఫొటో తీసి ఉంచుకోండి.

ఫ్లాటు భార్యాభర్తలిద్దరి పేరునా ఉంటే ఓటు ఎవరిదో బైలాస్‌లో ముందే తేల్చుకోవాలి. ఆయన అమెరికా నుంచి ప్రాక్సీ పంపి, ఆవిడ హాల్లో చెయ్యెత్తితే టెన్షన్ లెక్కపెట్టేవాళ్లకే.