పాత డీజిల్ ట్రక్కులో చలికాలపు హై ఐడిల్: నాలుగేళ్ల వాడకం తరువాత

2006 నాటి డాడ్జ్ రామ్ 2500 ట్రక్కును నేను 2020 చివర్లో కొన్నాను. అందులో ఉన్నది 5.9 లీటర్ల, ఆరు సిలిండర్ల కమిన్స్ డీజిల్ ఇంజను. మిన్నెసోటాలోని మా చిన్న కిరాణా కొట్టుకు షికాగో నుంచి బియ్యం, పప్పుల బస్తాలను ట్రైలరులో తెచ్చుకోవడానికే దీనిని తీసుకున్నాను. బరువు లాగే విషయంలో ఇంతవరకు లోటేమీ కనిపించలేదు కాబట్టి, మొదటి చలికాలంలో నన్ను గాభరా పెట్టిన హై ఐడిల్ గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను. బండి కదలకుండా నిలిచి ఉండగా ఇంజను నడిచే వేగం ఐడిల్, అది మామూలు కంటే పెరిగితే హై ఐడిల్.

డిసెంబరులో ఒక ఉదయం ఇంజను మొదలుపెట్టి, గేరును పార్కులో ఉంచి అద్దాల మీది మంచు గీకుతుండగా, సాధారణంగా 750 దగ్గర నిలిచే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్ల సంఖ్య) ఎవరూ పెడలు తొక్కకుండానే మెల్లగా 1200 వరకు ఎక్కింది. శబ్దం కూడా మారి, ఇంజను గరగరమంటూ కుంటుతున్నట్టు వినిపించింది. చాలా ఏళ్లు లారీ నడిపిన మా నాన్నగారికి ఫోనులో ఆ శబ్దం వినిపిస్తే, "మిస్ కొడుతోందిరా, సిలిండర్లు అన్నీ పనిచేయడం లేదు" అన్నారు. దగ్గరలోని మెకానిక్ యాక్సిలరేటర్ పెడల్ సెన్సర్ పోయిందని తేల్చి, దానిని మార్చి డబ్బు తీసుకున్నాడు. మరునాటి ఉదయం ఆర్‌పీఎం మళ్లీ 1200కే చేరింది.

నాన్నగారు విన్నది నిజమేనని తరువాత తెలిసింది. గాలీ, కూలెంటూ (ఇంజనును చల్లబరిచే ద్రవం) బాగా చల్లగా ఉన్నప్పుడు ఈ ఇంజను కంప్యూటరు కావాలనే మూడు సిలిండర్లకు ఇంధనం ఆపి, మిగిలిన మూడింటితో వేగం పెంచి నడుపుతుంది. పనిచేసే మూడింటిలో ఒక్కోదానికి ఎక్కువ ఇంధనం అందడం వల్ల అక్కడ మంట వేడిగా, పూర్తిగా మండుతుంది. చలిలో మామూలు ఐడిల్‌లో ఎక్కువసేపు వదిలేస్తే, సగం మండిన డీజిల్ సిలిండరు గోడల మీది నూనె పొరను కడిగేసి, కిందికి జారి ఇంజను ఆయిలును పలుచన చేస్తుంది. లోపంగా నేను భావించినది నిజానికి ఇంజనుకు రక్షణ.

దీనిని గుర్తించే తేలికైన పరీక్ష బ్రేకు పెడలు. పార్కులో ఉన్న బండిలో బ్రేకు మీద కాలు పెట్టగానే ఆర్‌పీఎం మామూలు స్థాయికి దిగివస్తే, అది కంప్యూటరు తన ఇష్టప్రకారం పెంచిన ఐడిలే. దిగకపోయినా, వెచ్చని మధ్యాహ్నం కూడా పెరిగినా, వేరే కారణం వెతకాలి. సెన్సర్ కొనే ముందు నేను చేయవలసిన పని ఇదే. దీనికి పైసా ఖర్చు లేదు.

అయితే రెండో చలికాలంలో నిజమైన లోపం ఒకటి ఇదే ముసుగులో వచ్చింది. ఇరవై నిమిషాలు నిలిపి ఉంచినా హై ఐడిల్ పోలేదు, హీటరు నుంచి గోరువెచ్చని గాలే వచ్చింది, ఉష్ణోగ్రత ముల్లు తన మామూలు చోటికి చేరలేదు. ముందు యజమాని ఎప్పుడో వేయించిన థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంటు ప్రవాహాన్ని అదుపు చేసే కవాటం) తెరుచుకున్న స్థితిలోనే ఇరుక్కుపోయి, కూలెంటును వేడెక్కనివ్వడం లేదు. 190 డిగ్రీల ఫారెన్‌హీట్ థర్మోస్టాట్ వేయించాక ముల్లు సరైన చోట నిలిచింది. అంటే హై ఐడిల్ రావడం కంటే, అది ఎంతసేపటికి వదులుతోందన్నదే బండి ఆరోగ్యం గురించి ఎక్కువ చెబుతుంది.

ఇప్పుడు గడ్డకట్టే రాత్రులలో 750 వాట్ల బ్లాక్ హీటరును (ఆపి ఉన్న ఇంజనును ముందే వెచ్చబరిచే కరెంటు హీటరు) బయలుదేరడానికి మూడు గంటల ముందు టైమరుతో వెలిగిస్తున్నాను. అలాంటి ఉదయాలలో హై ఐడిల్ చాలాసార్లు రానే రాదు. వచ్చినప్పుడు కొన్ని నిమిషాలు ఆగి, తరువాత మెల్లగా నడుపుతూనే వేడెక్కనిస్తాను, ఎందుకంటే నిలిపి ఉంచిన డీజిల్ కంటే బరువు మోస్తున్న డీజిల్ త్వరగా వేడెక్కుతుంది. ఇలాంటి పాత ట్రక్కును చలికాలంలో చూడబోయేవారు, తాము వచ్చేవరకు ఇంజను మొదలుపెట్టవద్దని అమ్మే వ్యక్తిని ముందే కోరడం మంచిది. అప్పటికే వేడెక్కిన ఇంజనులో పైన చెప్పినవేవీ కనిపించవు.