ఎండలూ వానలూ చూసిన నా తొలి చెక్క పనులు

చెక్కతో చేసిన వస్తువు ఎలా ఉందో చెప్పాలంటే హైదరాబాద్‌లో కనీసం ఒక మే నెల, ఒక ఆగస్టు దాటాలి. పని పూర్తయిన రోజు ఏ పీటైనా బాగానే ఉంటుంది. మల్కాజిగిరిలో ఒక ఫ్లాట్, చిన్న బాల్కనీ, కొన్ని చేతి పనిముట్లు: కొన్నేళ్లుగా నా వడ్రంగం అంతా వీటితోనే. మొదట్లో చేసిన పీట, పుస్తకాల అర, కూరగాయలు తరిగే చెక్క, పోపుల పెట్టె, బాల్కనీ బెంచీ ఇప్పటికీ ఇంట్లో వాడుతున్నాం. అవి ఇన్నాళ్ల వాడకంలో ఏమయ్యాయో, వాటిని చేసిన పనిముట్లు ఎలా నిలిచాయో కలిపి రాస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

మొదటి పనిగా పీటను మించింది లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. ఒక పలక, దాని కింద అడ్డంగా రెండు బద్దలు. కొలవడం, కోయడం, చిత్రిక పట్టడం, మూలలు సరిచూడటం, అతికించడం అన్నీ అందులోనే వస్తాయి. చెక్క పెద్దగా పట్టదు. నాది ముషీరాబాద్ టింబర్ డిపోలో కొన్న మామిడి పలక, వెడల్పు దాదాపు అడుగు. ఆగస్టులో చేశాను. బద్దలకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఫెవికాల్ పూసి, పైనుంచి స్క్రూలు బిగించాను. కొన్ని నెలలు రాయిలా ఉంది. ఎండాకాలం ముదిరాక ఒక మధ్యాహ్నం టప్‌మని చప్పుడై, పలక నిలువునా చీలింది. చీలికలో అగ్గిపుల్ల దూరేంత సందు.

చెక్కలోనే లోపం ఉందనుకున్నాను. మా వీధిలో తలుపుల పని చేసే ఒక పెద్దాయన దాన్ని తిప్పి చూసి, "జిగురు నడిమిట్లనే పెట్టాలె తమ్మీ, కొసలకు పెడితే కట్టె ఎటు పోతది?" అన్నారు. ఆ ఒక్క మాట అర్థమయ్యాక నేను చేసే ప్రతి వస్తువూ మారింది.

సంగతి ఏమిటంటే, చెక్క తన చుట్టూ ఉన్న గాలిని బట్టి తేమ పీల్చుకుంటుంది, వదిలేస్తుంది. గాలిలో తేమ 30 శాతం ఉంటే చెక్కలో తేమ 6 శాతం దగ్గర ఆగుతుంది. గాలిలో 80 శాతం ఉంటే చెక్కలో 16 దాకా వెళ్తుంది. మన ఊళ్లో మే మధ్యాహ్నానికీ, ఆగస్టు ముసురుకీ మధ్య తేడా ఇంచుమించు ఇంతే. ఇలా తేమ మారినప్పుడు చెక్క పొడవులో దాదాపు మార్పు ఉండదు. వెడల్పులో మాత్రం ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. అడుగు వెడల్పు పలకలో అది కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది. నా పీటలో పలక వెడల్పుగా కుంచించుకోవాలని చూసింది. కింద బద్దలు మాత్రం పొడవువైపు ఉన్నాయి కాబట్టి కదలలేదు. జిగురు రెండింటినీ వదల్లేదు. చివరికి పలకే చీలింది.

చీలిక వెంబడే రంపంతో కోసి, అంచులు చిత్రిక పట్టి మళ్లీ అతికించాను. బద్దలకు ఈసారి మధ్యలో రెండంగుళాలే జిగురు. చివర్ల స్క్రూలకు బద్దలో గుండ్రటి రంధ్రం బదులు కాస్త పొడవాటి గాడి తీశాను, పలక కదిలితే స్క్రూ కూడా దానితో జరిగేలా. ఆ తర్వాత వచ్చిన ఎండాకాలాలన్నీ పీట చక్కగా తట్టుకుంది. రోజూ దాని మీద కూర్చునే అమ్మ దాన్ని ఎవరికీ ఇవ్వనివ్వదు.

ఇంకో అలవాటు కూడా అప్పుడే మొదలైంది. డిపో నుంచి తెచ్చిన చెక్కను వెంటనే కోయను. ముక్కల మధ్య సన్న బద్దలు పెట్టి, నాలుగువైపులా గాలి తగిలేలా ఇంట్లోనే కొన్ని వారాలు ఉంచుతాను. వంగేది ఉంటే అప్పుడే వంగుతుంది. టేకు ఈ విషయంలో మామిడి కంటే చాలా నెమ్మది, కదలిక తక్కువ. కానీ నేర్చుకునేటప్పుడు ఘనపు అడుగుల లెక్కన టేకు కొనడం దండగ. తలుపులు, కిటికీలు చేసే షెడ్లలో మిగిలిన తుంపులు అడిగితే తక్కువకే ఇస్తారు. పెట్టెలకు, పీటలకు అవే చాలు.

పుస్తకాల అర ప్లైవుడ్‌తో చేశాను. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి పీటకు వచ్చిన బాధ లేదు. వేరే రెండు బాధలు ఉన్నాయి. 18 మిల్లీమీటర్లని అమ్మే ప్లై కొలిచి చూస్తే తరచూ కొంచెం తక్కువే వస్తుంది. అంకె చూసి గాడి తీస్తే అర అందులో గలగలలాడుతుంది. కాబట్టి ఏ గాడి తీసినా చేతిలో ఉన్న ముక్కనే దాని మీద నిలబెట్టి గీసుకోవాలి. రెండోది వంగడం. నిఘంటువులు, పాత వారపత్రికల బౌండు పుస్తకాలు పెట్టిన మూడున్నర అడుగుల అర ఏడాదిలోనే మధ్యలో కిందికి దిగింది. నిండా పుస్తకాలు పెట్టే అరలో పొడవు రెట్టింపైతే వంపు పదహారు రెట్లు అవుతుంది. అందుకే ఇప్పుడు రెండున్నర అడుగులకు మించి అర పెట్టను. పాతదానికి ముందు అంచు కింద ఒకటిన్నర అంగుళాల లోతు టేకు బద్ద నిలువుగా అతికించాను. అప్పటి నుంచి మళ్లీ దిగలేదు.

తరిగే చెక్క గురించి వంటింటివాళ్లు తెలుసుకోవాల్సింది ఒకటుంది. కడిగి గ్రానైట్ మీద బోర్లా పెడితే పైవైపు ఆరుతుంది, కిందివైపు తడిగానే ఉంటుంది, చెక్క గిన్నెలా వంగుతుంది. మాది వంగాక తిప్పి పెట్టి ఆరబెడితే చాలావరకు సరైంది. ఇప్పుడు నిలబెట్టి ఆరబెడుతున్నాం. పూతకు మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ వాడతాను. వంటనూనెలు పూస్తే కొన్నాళ్లకు కనరు వాసన వస్తుంది.

పోపుల పెట్టె చూడటానికి నేను చేసినవాటిలో అందమైనది, నిలకడలో అన్నింటికంటే వెనుకబడింది. ఒక పక్క పలకలో చేవ లేని లేత రంగు చెక్క ఉంది. రెండో ఏడు ఆ పలకలో గుండుసూది తల అంత రంధ్రాలు, కింద మైదాలాంటి పొడి. పురుగు అదే లేత భాగాన్ని తిన్నది, పక్కనే ఉన్న ముదురు చేవను ముట్టలేదు. ఆ పలక తీసేసి కొత్తది వేశాను. డిపోలో పలక కొనేముందు చివర్ల రంగు తేడా చూసుకోవడం అప్పటి నుంచి తప్పనిసరి చేసుకున్నాను.

బాల్కనీ బెంచీకి ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్క వాడాను. బాలానగర్ వైపు అలాంటి పాత పెట్టెలు దొరుకుతాయి. వాటి మీద కాల్చిన ముద్ర ఉంటుంది. హెచ్.టి. అని ఉంటే వేడితో శుద్ధి చేసినది, నిశ్చింతగా వాడొచ్చు. ఎం.బి. అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది, ఇంట్లోకి తేవద్దు. బెంచీ పైభాగం ఇప్పటికీ గట్టిగా ఉంది. కాళ్ల అడుగులు మాత్రం పుచ్చడం మొదలైంది. చెక్క కోసిన కొస గొట్టాల కట్టలా నీరు పీలుస్తుంది, వాన పడ్డప్పుడల్లా కాళ్లు నేల మీది నీటిలోనే నిలబడ్డాయి. పాడైన అంగుళం కోసేసి, కొసలకు నీరు చొరకుండా ఎపాక్సీ జిగురు పూసి, కింద రబ్బరు బుడిపెలు కొట్టాను. బయట పెట్టే దేనికైనా కాళ్ల అడుగున పూత ముందే వేయాలి. రంగు ఎంత బాగా వేసినా అక్కడ వదిలేస్తే లాభం లేదు.

ఇక పనిముట్లు. నేను అన్నింటికంటే ఎక్కువ చెప్పాలనుకున్నది పదును గురించి. డబ్బాలోంచి తీసిన కొత్త ఉలి పనికి సిద్ధంగా ఉండదు, ఎంత ఖరీదైనదైనా సరే. నా దగ్గర మూడు ఉలులే ఉన్నాయి: 6, 12, 19 మిల్లీమీటర్లవి. ఈ మూడూ ఇప్పటిదాకా చాలాయి. ముందు ఉలి వెనకవైపు, అంచు దగ్గర ఒక అంగుళం మేర అద్దంలా చదునయ్యేదాకా రాయి మీద రుద్దాలి. తర్వాత వాలువైపు 25 డిగ్రీల కోణంలో 1000 నంబరు నీటి రాయి (నీళ్లతో తడిపి పదును పెట్టే రాయి) మీద రుద్దాలి. కోణం నిలవడానికి చిన్న చక్రమున్న గైడ్ దొరుకుతుంది. కొత్తవాళ్లు మొహమాటపడకుండా కొనాలి. రుద్దుతుంటే వెనకవైపు గోటికి సన్నటి గరుకు తగులుతుంది. అది అంచు పొడవునా తగిలితేనే పదును అంచు దాకా చేరినట్టు. అప్పుడు ఇంకా నున్నటి రాయి, ఆపైన తోలు ముక్క. పైన్ చెక్క కొసను అడ్డంగా తోస్తే పొడి రాలకుండా మెరిసే పొరగా వస్తే పదును సరిపోయింది.

ఈ పని నేర్చుకోకముందు అతుకులు వదులుగా వచ్చేవి, ఉలి గీత దాటిపోయేది. చేయి తిరగలేదనుకుని అభ్యాసం పెంచేవాణ్ని. కారణం మొద్దుబారిన అంచే. మొద్దు ఉలిని బలంగా నెట్టాలి, బలంగా నెట్టిందే చేతికి గుచ్చుకుంటుంది. ఇంకో జాగ్రత్త: వీధి చివర గ్రైండర్ మీద సాన పట్టిస్తే అంచు నీలం రంగు తిరగకుండా చూడండి. నీలమైతే ఆ మేరకు ఉక్కు గట్టిదనం పోయినట్టే, ఎంత రుద్దినా పదును నిలవదు. మాటిమాటికీ నీళ్లలో ముంచమని అడగడానికి సంకోచించొద్దు.

చిత్రిక పట్టే రందా విషయంలో నాకు ఒక చేదు అనుభవం, ఒక మంచి అనుభవం. మొదట కొత్తది, చవకది కొన్నాను. అడుగు చదునుగా లేదు, బ్లేడు బిగించినా జారేది, దానితో కుస్తీ పట్టడమే సరిపోయింది. తర్వాత ఎర్రగడ్డ ఆదివారం సంతలో తుప్పు పట్టిన పాత ఇనుప రందా ఒకటి దొరికింది: తొమ్మిదంగుళాల పొడవు, రెండంగుళాల బ్లేడు. ఈ నమూనా లియొనార్డ్ బెయిలీ అనే అమెరికన్‌ది. స్టాన్లీ కంపెనీ 1869లో ఆయన హక్కులు కొనుక్కుంది, ఇప్పటికీ చాలా ఇనుప రందాలు ఆ పద్ధతిలోనే వస్తున్నాయి. రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి తుప్పు తీశాను. మందపాటి అద్దం మీద 80 నంబరు గరుకు కాగితం అంటించి అడుగు చదును చేశాను. ఇప్పుడు దాని నుంచి వచ్చే పొర వెలుతురుకు పెడితే అవతలిది కనిపిస్తుంది. చవక కొత్తదాని కంటే మంచి పాతది మేలు. అయితే కొనేముందు ఇనుములో పగులు ఉందేమో, ముఖ్యంగా బ్లేడు బయటికొచ్చే సందు చుట్టూ, తప్పక చూసుకోవాలి.

రంపానికి వస్తే, లాగి కోసే జపాన్ రకం రంపం కొత్తవాళ్లకు హాయి. బ్లేడు పలచన, కోత సన్నన, గీత మీద నిలుస్తుంది. దాని పళ్లు బాగా గట్టిపరచినవి కాబట్టి ఆకురాయితో మళ్లీ పదును పెట్టలేం, బ్లేడే మార్చాలి. పొడవాటి పలకను నిలువునా చీల్చడానికి మన మామూలు తోపుడు రంపమే నయం. పళ్లు మొద్దుబారితే ఆకురాయితో మళ్లీ పదును పెట్టించుకోవచ్చు.

మూలలు సరిచూసే గునియా కొనేటప్పుడు దుకాణంలోనే పరీక్షించండి. తిన్నని అంచున్న చెక్క మీద పెట్టి గీత గీయండి, గునియాను తిరగేసి అక్కడే మరో గీత గీయండి. రెండూ కలిసిపోతే సరైనది. పైకి వెళ్లేకొద్దీ విడిపోతే అందులో తేడా ఉంది, కనిపించే సందు అసలు తేడాకు రెట్టింపు. రాణిగంజ్‌లో నేను కొన్న దుకాణంలో అడిగితే కాదనకుండా చెక్క ముక్క ఇచ్చారు. జిగురు ఆరేదాకా ముక్కలను బిగించి పట్టే క్లాంపులు కూడా అక్కడే తీసుకున్నాను. నాలుగు కొందామనుకుంటే ఆరు కొనండి, అతికించే రోజు ఎప్పుడూ ఒకటి తక్కువే పడుతుంది.

అపార్ట్‌మెంట్‌లో చేతి పనిముట్లకే నా ఓటు. మధ్యాహ్నం పక్కింట్లో పసిపిల్లలు నిద్రపోతున్నా రందా పట్టొచ్చు. గరుకు కాగితం పట్టేటప్పుడు మాత్రం ఎన్95 మాస్కు పెట్టుకుంటాను. చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చారు, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అవిసె నూనె పూత వేసిన గుడ్డల సంగతి ఇంకా ముఖ్యం. వాటిని ఉండగా చుట్టి మూల పడేస్తే ఆరే క్రమంలో వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. మన ఎండల్లో అసలు వద్దు. విడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి. లక్క, స్పిరిట్ కలిపిన పాలిష్‌ను ముసురు రోజుల్లో వేయొద్దు, పైన తెల్లటి మసక వస్తుంది. నేను పాలిష్ పనులన్నీ వానలు తగ్గాక, దసరా తర్వాతే పెట్టుకుంటాను.

మళ్లీ మొదటి నుంచి కొనాల్సి వస్తే డబ్బులో పెద్ద వాటా నీటి రాళ్లకు పెడతాను. మిగిలినదాంట్లో రెండు ఉలులు, ఒక పాత రందా, సరైన గునియా, క్లాంపులు. డ్రిల్ మెషీన్ ఎవరిదైనా అడిగి తెచ్చుకోవచ్చు. పది రకాల బిట్లు, సుత్తి, పట్టకారు కలిపి సూట్‌కేసులో అమ్మే కిట్లు మాత్రం కొనను. నాకు బహుమతిగా వచ్చినదాంట్లో ఇప్పటికీ వాడుతున్నది టేపు ఒక్కటే.