14416: పక్కన కూర్చుని కలిపి ఇవ్వవలసిన నంబరు

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ షాపులో గుమాస్తాను. మనసు బాగోలేనివారితో ఫోనులో మాట్లాడి సాయపడే ప్రభుత్వ సేవ టెలీ మానస్ (నంబరు 14416) గురించి రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. మా దగ్గర టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ఒక హమాలీ చేత ఆ నంబరుకు మాట్లాడించి, పక్కనే ఉండి విన్నాను. సేవ చాలా మంచిది. కానీ దాని అవసరం ఎక్కువగా ఉన్న మనిషి తనంతట తాను ఫోను చెయ్యడు. నా బాధంతా అక్కడే.

ఆత్మహత్యలనగానే మన ఊళ్లలో కాలేజీ పిల్లల గురించే మాట్లాడుకుంటాం. విజయవాడ, గుంటూరు నిండా హాస్టళ్లే కాబట్టి ఆ భయం సహజం. అయితే జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కలు కూడా చూడండి. దేశం మొత్తం మీద 1,70,924 మంది చనిపోతే అందులో విద్యార్థులు 13,044 మంది. రోజు కూలీలు నాలుగో వంతుకు పైగా ఉన్నారు. పదిమందిలో ఏడుగురు మగవాళ్లు. కారణాల్లో మొదటిది కుటుంబ సమస్యలు, రెండోది అనారోగ్యం. తువ్వాలు భుజాన వేసుకుని తెల్లవారుజామునే పనిలోకి వచ్చే మనిషి గురించే ఈ లెక్కలు చెబుతున్నాయి. అతని కోసం ఎవరూ సభ పెట్టరు.

నేను బాబాయ్ అని పిలిచే ఈ హమాలీకి యాభై దాటాయి. నడుము నొప్పితో బరువు ఎత్తలేకపోతున్నాడు. ముఠాలో, అంటే హమాలీల జట్టులో, వాటా తగ్గింది, కూతురి పెళ్లికి చేసిన అప్పు అలాగే ఉంది. ఒక మధ్యాహ్నం, "నేను లేకపోతే వాళ్లే ఎలాగో సర్దుకుంటారు బాబూ" అన్నాడు. అలాంటి మాట వినగానే చాలామంది "ఛ, అవేం మాటలు" అని కొట్టిపారేస్తారు. నేను సూటిగానే అడిగాను: "చచ్చిపోవాలనిపిస్తోందా బాబాయ్?" తల ఊపాడు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగేవాడు ఒకడున్నాడని తెలిస్తే మనిషి నోరు విప్పుతాడు.

ఫోను నేనే కలిపాను. తెలుగు ఎంచుకుని బాబాయ్ చేతికిచ్చాను. అవతల మాట్లాడిన అమ్మాయి అప్పు ఎంత అని మొదలుపెట్టలేదు. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, ఇంట్లో ఎవరెవరుంటారు, తాగుడు ఉందా అని నింపాదిగా అడిగింది. ఆయన ఏడుస్తున్నంతసేపూ ఊరుకుంది. ఆ తర్వాత, "ఇంట్లో పురుగుమందులాంటివి ఏమైనా ఉన్నాయా అండీ?" అని అడిగింది. ఉంది, కౌలు చేసిననాటి డబ్బా. ఈ రోజే దాన్ని ఇంట్లోంచి తీయించమని నాకు చెప్పింది. సాయంత్రానికి ఆయన బావమరిది వచ్చి పట్టుకుపోయాడు.

ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఆ ఒక్క ప్రశ్నకే. చావాలన్న తీవ్రత చాలామందిలో కాసేపే ఉంటుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. బాగా విషపూరితమైన పురుగుమందులను వరుసగా నిషేధించిన శ్రీలంకలో 1995 తర్వాతి రెండు దశాబ్దాల్లో ఆత్మహత్యల రేటు 70 శాతానికి పైగా తగ్గింది. పత్తి, మిర్చి పండించే మన జిల్లాలో ఇది ప్రతి ఇంటికీ తెలియాల్సిన సంగతి.

ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి వెళ్లమని కూడా ఆ అమ్మాయే చెప్పింది. "పోలీసు కేసవుతుందేమో" అని బాబాయ్ వెనకాడాడు. యార్డులో చాలామందిది ఇదే భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి. అతనికి చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ లేనే లేదు. ఆలోచన వచ్చిందని డాక్టరుకు చెప్పుకుంటే కేసెందుకవుతుంది?

ఫోనుతో అప్పు తీరదు, నడుము బాగుపడదు. అది చుట్టూ ఉన్నవాళ్ల పని. మా ముఠా మేస్త్రి బాబాయ్‌ని మోతలోంచి తప్పించి టిక్కీల మూతులు కుట్టే పనిలో పెట్టాడు. దబ్బనం పట్టుకుని కూర్చుని చేసే పని, కూలి కొంచెం తక్కువ. మందులు వాడుతున్నాడు. నిద్ర పడుతోందట.

2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ పూర్తిగా ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. 14416 కలవకపోతే 1800 891 4416కు చెయ్యండి. మనిషి అప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే దీనికి కాదు, వెంటనే 108కి చెయ్యండి. నంబరు నొక్కడం తెలియనివారికి మీరే కలిపి ఇచ్చి, మాట్లాడడం అయ్యేదాకా పక్కనే ఉండండి. మా షాపులో కాటా పక్క గోడ మీద పెద్ద అంకెలతో రాయించాను. మీ షాపులోనూ రాయించండి.